లూపస్‌కు మాత్రలతో పాటు పసర్లు తాగొచ్చా? పర్లాకిమిడి నుంచి అడుగుతున్నాను

కుట్టుమిషన్, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మాది ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. నేను బట్టలు కుడతాను, ఎక్కువగా జాకెట్లు. వయసు 34. రెండేళ్ల కిందట లూపస్ అని తేలింది, కీళ్లనీ, చర్మాన్నీ, కిడ్నీలనీ పట్టే జబ్బు.

మొదట వేళ్లతో మొదలైంది. పొద్దున్న లేవగానే కత్తెర పట్టు దొరికేది కాదు. గంట గడిస్తే గానీ వేళ్లు ముడుచుకునేవి కావు. సూదిలోకి దారం ఎక్కించే పని మా చిన్నమ్మాయికి అప్పజెప్పాను. తర్వాత రెండు బుగ్గలూ, ముక్కు దూలం మీదా ఎర్రబడింది. చూసినవాళ్లంతా మంగు అన్నారు. ఒకాయన క్రీము ఇస్తే నాలుగు నెలలు రాశాను. ఎండలో పాతపట్నం పెళ్లికి వెళ్లొచ్చిన రోజు మొహం మీద ఎవరో చెంపలు వాయించినట్టు అచ్చు దిగింది, రాత్రికి జ్వరం. అప్పుడు విశాఖ తీసుకెళ్లారు. ఏఎన్‌ఏ, డీఎస్‌డీఎన్‌ఏ అని రక్తపరీక్షలు చేసి చెప్పారు. కిడ్నీలు బాగున్నాయి, మూత్రంలో ప్రొటీన్ పోవడం లేదు అన్నారు. అదొక్కటే ఆ రోజు విన్న మంచిమాట.

ఇప్పుడు హైడ్రాక్సీక్లోరోక్విన్ 200, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాములు, కాల్షియం వేసుకుంటున్నాను. ప్రెడ్నిసొలోన్ మొదట్లో 20 ఉండేది. మొహం ఉబ్బి, ఒళ్లొచ్చి, నా జాకెట్లు నేనే రెండుసార్లు విప్పి వదులు చేసుకున్నాను. ఊరందరి కొలతలూ తీసేదాన్ని, నా కొలత నాకే అందలేదు.

మా అత్తయ్యకు ఈ మాత్రల మీద నమ్మకం లేదు. మందుల షాపు కుర్రాడు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తూ "ఇది మలేరియాకి కూడా వాడతారండీ" అన్నాడు, అంతే. "జ్వరం లేనిదానికి మలేరియా మందేంటే?" అని పట్టుకున్నారు. ఆవిడనీ తప్పు పట్టలేను. ఆవిడ పుట్టిల్లు కొండ పక్కన. వానాకాలం వస్తే ఇంటికొకరు మలేరియాతో పడేవారట, ఆ చేదు మాత్రలు తలుచుకుంటేనే ఆవిడకు వాంతి వస్తుంది. అందుకని నాకు సొంతంగా వైద్యం మొదలుపెట్టారు. అవేమిటో వరసగా రాస్తాను, తెలిసినవాళ్లు చెప్పండి.

పొద్దున్న పరగడుపున తిప్పతీగ. మా పెరట్లో వేపచెట్టుకు పాకింది. ఏడు ఆకులు నమిలి, కాడ దంచి కాచిన కషాయం అర గ్లాసు. ఇది మూడు నెలలుగా నడుస్తోంది.

రాత్రి పడుకునే ముందు గుళుచి పొడి, ఒక చెంచా వేడినీళ్లలో. ఇది సంతలో సవర తెగ ముసలావిడ ఒకామె దగ్గర కొన్నారు. కీళ్లకు మంచిదట. రెండు నెలలైంది.

కీళ్లకు వావిలాకు మరిగించిన నీళ్లతో కాపడం. దీంతో నిజంగా హాయిగా ఉంటుంది.

నాలుగోది ఇంకా మొదలుపెట్టలేదు. మొహం మీద ఎరుపు తగ్గాక అక్కడక్కడ తెల్లగా అయింది. పక్కింటావిడ చూసి బావంచాల నూనె ఇచ్చి, రాసుకుని పొద్దుటి ఎండలో కాసేపు కూర్చోమంది.

ఇక పథ్యం. వంకాయ, గోంగూర, చేపలు, గుమ్మడికాయ అన్నీ బంద్. ఇంట్లో అందరికీ చేపల పులుసు, నాకు బీరకాయ.

నా ప్రశ్న ఏంటంటే, వీటిలో ఏవి ఉంచుకోవచ్చు? వీటివల్ల స్టెరాయిడ్ తగ్గించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? దయచేసి "డాక్టర్ని అడగండి" అని ఒక్క ముక్కతో వదిలేయకండి. మూడు నెలలకోసారి వెళ్తాను. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి నంబరు వస్తుంది, లోపల అయిదు నిమిషాలు. పోయినసారి "ఆకు మందులు" అనగానే తల ఎత్తకుండా "అవన్నీ మానెయ్యండి" అని బెల్లు కొట్టారు. ఏది ఎందుకు మానాలో చెప్పలేదు. మానకుండానే ఇంటికొచ్చాను.

కొండగాలి

సోదరీ, తిప్పతీగకు అమృత అని ఇంకో పేరు. ఊరికే పెట్టలేదు మన పెద్దలు. కరోనాలో మా ఇంటిల్లిపాదీ తాగాం, ఒక్కరికి తుమ్ము కూడా రాలేదు. ఇమ్యూనిటీ పెరిగితే ఏ జబ్బైనా తోక ముడుస్తుంది. స్టెరాయిడ్లు ఎన్నాళ్లని మింగుతారు? కషాయం రెండు పూటలా చేసి, మాత్రలు మెల్లగా మానెయ్యండి. మీ అత్తగారు దేవత.

గుణుపురం అక్క

చెల్లీ, నువ్వు రాసిందంతా రెండుసార్లు చదివాను. నాకు 2011 నుంచీ ఇదే జబ్బు. ఇక్కడ గుణుపురంలో స్కూల్లో సైన్సు చెప్తాను. కాబట్టి కొంచెం పాఠంలా ఉంటే ఏమనుకోకు.

పైన రాసినాయన మంచి మనసుతోనే రాశారు. కానీ మన జబ్బు ఇమ్యూనిటీ తక్కువై వచ్చింది కాదు. కంచే చేను మేస్తోంది మనకు. ఒంటిని కాపాడాల్సిన కాపలావాళ్లు కీళ్లనీ, చర్మాన్నీ, కిడ్నీనీ శత్రువనుకుని మీద పడుతున్నారు. అలాంటివాళ్లకు ఇంకా బలం పెట్టే మందు మనకెందుకు? సీసా మీద "ఇమ్యూనిటీ బూస్టర్" అని కనిపిస్తే చాలు, నేను దాన్ని అక్కడే పెట్టేస్తాను. తిప్పతీగ, అశ్వగంధ, నేలవేము, ఆ ఆకుపచ్చ స్పైరులీనా బిళ్లలు అన్నీ నాకు ఆ లెక్కే. మామూలు మనిషికి మంచిదై ఉండొచ్చు. మనం ఆ లెక్కలో లేము.

ఇక స్టెరాయిడ్ తగ్గించుకున్నవాళ్ల సంగతి అడిగావు కదా. నేను మొత్తం మానేశాను. ఏమైందో చెప్తాను.

2016లో. అప్పటికి అయిదేళ్లుగా మాత్రలు మింగి మింగి విసిగిపోయాను. ఎవరో చెప్తే ఒక వైద్యుడి దగ్గరికి వెళ్లాం. ఊరు, పేరు వద్దులే. న్యూస్‌పేపరు ముక్కల్లో కట్టిన పొట్లాలు ఇచ్చాడు, పొట్లం మీద పెన్నుతో నంబర్లు. మాత్రలన్నీ ఆపితేనే పొడి పనిచేస్తుందన్నాడు. మొదటి నెల చెప్పకూడదు, అద్భుతం. నొప్పుల్లేవు, ఆకలి, నిద్ర. స్కూలు మెట్లు చకచకా ఎక్కేదాన్ని. చుట్టాలందరికీ ఆయన అడ్రసు ఇచ్చాను కూడా. ఆ పాపం నాదే.

నాలుగో నెలలో ఒకరోజు స్నానం చేసి కాళ్లు తుడుచుకుంటుంటే మెట్టెలు కదల్లేదు. వేలి చుట్టూ కండ ఉబ్బి, మెట్టె లోపలికి కూరుకుపోయినట్టుంది. సబ్బు రాశాను, కొబ్బరినూనె రాశాను, దారం చుట్టి లాగాను. రాలేదు. వేసవి కదా, ఎక్కువ నడిచి ఉంటాను అనుకున్నాను. తెల్లారి లేచేసరికి కళ్ల కింద సంచులు. బాత్రూమ్‌లో చూస్తే నురగ. చెంబెడు నీళ్లు పోసినా పోని నురగ, సర్ఫు కలిపినట్టు. మూడోరోజు కంసాలి ఇంటికి వచ్చి మెట్టెలు కత్తిరించి తీశాడు. ఆయనకు చెయ్యి వణికింది. "అమ్మా, నేను మెట్టెలు కత్తిరించేది వేరే ఇళ్లల్లోనమ్మా" అన్నాడు. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నారు.

24 గంటల మూత్రంలో ప్రొటీన్ 3.2 గ్రాములు. బయాప్సీ చేస్తే లూపస్ నెఫ్రైటిస్, అంటే జబ్బు కిడ్నీకి పట్టింది, నాలుగో క్లాసు. పదిహేను రోజులకొకటి చొప్పున ఆరు సైక్లోఫాస్ఫమైడ్ డ్రిప్పులు, తర్వాత ఏళ్లతరబడి మైకోఫినొలేట్. రెండూ ఆ కాపలావాళ్లను అణిచే మందులే. ఇప్పుడు ప్రొటీన్ 0.3 దగ్గర నిలకడగా ఉంది. తప్పించుకున్నాను. ఆ పొడిలో ఏముందో పరీక్ష చేయించలేదు కాబట్టి దాన్ని ఏమీ అనను. మాత్రలు ఆపాను, అది మాత్రం నా చేతులతో చేసిన పని. నువ్వు మాత్రలు ఆపకుండా పసరు తాగుతున్నావు. నాకన్నా తెలివైనదానివి.

ఇప్పుడు మీ అత్తగారి దగ్గరికి వస్తాను, ఆవిడ నాకు చాలా నచ్చారు. ఆవిడకు ఇలా చెప్పు: ఆ మలేరియా మాత్రకు ముత్తాత ఒక చెట్టు బెరడు. సింకోనా చెట్టు. ఆ బెరడులోంచి క్వినైన్ తీసేవారు. 1894లోనే లండన్‌లో పేన్ అనే డాక్టరు లూపస్ చర్మానికి క్వినైన్ వాడి ఫలితం చూశాడు. తర్వాత దానికి దగ్గరి చుట్టాల్లాంటి మందులు ఫ్యాక్టరీలో తయారుచేశారు, మనం మింగేది వాటిలో ఒకటి. అంటే మన జబ్బుకి పసరు వైద్యం ఎప్పుడో దొరికింది, బిళ్ల రూపంలో మన పర్సులోనే ఉంది. 1991లో కెనడా డాక్టర్లు జబ్బు అదుపులో ఉన్న 47 మందిని తీసుకుని, సగం మందికి ఈ మందు కొనసాగించి, మిగతా సగానికి ఉత్తి బిళ్ల ఇచ్చారు. ఆర్నెల్లలో ఉత్తి బిళ్లవాళ్లకు జబ్బు తిరగబెట్టే ప్రమాదం రెండున్నర రెట్లు. 2020లో కరోనాకని ఊరంతా ఆ మాత్ర కొనేసి, మాకు దొరకని ఆ ఏప్రిల్ నెల నేను జన్మలో మరిచిపోను. స్ట్రిప్పులో మిగిలినవి రోజూ లెక్కబెట్టుకునేదాన్ని.

ఆ మాత్రతో జాగ్రత్తపడాల్సింది ముఖ్యంగా కంటి విషయంలో. బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటి ఏడాదిలో ఒకసారి రెటీనా చూపించుకోవాలి, అయిదేళ్ల తర్వాత ఏటా. నువ్వు చూపించుకున్నావా? సూదిపని చేసే కళ్లు.

ఇప్పుడు నేను వాడేవి. వావిలాకు కాపడం నాకూ ఉంది, డిసెంబరు, జనవరి నెలల్లో రోజూ. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మోకాళ్లకు. నీళ్లలో అల్లం ముక్క. పసుపు కూరలో, అంతవరకే. చలికాలంలో బోరు నీళ్లలో చెయ్యి పెడితే నా వేళ్లు తెల్లగా, తర్వాత నీలంగా అయిపోతాయి, అందుకని గిన్నెలు కడగడానికి లోపల నూలుబట్ట ఉన్న గ్లవ్స్. చోడి (రాగి) అంబలి పొద్దున తప్పదు. స్టెరాయిడ్ ఎముకల్లో కాల్షియం లాగేస్తుంది, వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. మా పక్కింటి ఒడియావాళ్లు మండియా జావ అంటారు. వాళ్లు వేసే ఉల్లిపాయ ముక్కలు మనం వేసేదానికన్నా సన్నగా ఉంటాయి, రుచి అక్కడే ఉంది.

పథ్యం మాట. వంకాయ తిను, గోంగూర తిను, చేపలు శుభ్రంగా తిను. చేపలు ఆపేయడం నీ మీద అన్యాయం. నేను మానేసినవి వేరే: ఊరగాయ, ఎండుచేపలు, అప్పడాలు. ఉప్పు. స్టెరాయిడ్‌కి తోడు ఉప్పు చేరితే బీపీ, వాపు రెండూ వస్తాయి. ఎండుచేపల కూర వాసన వీధి చివర నుంచి వచ్చినా నాకు తెలుస్తుంది, ఇప్పటికీ.

ఎండ గురించి నువ్వు ఎక్కువ రాయలేదు. మిషను ఎక్కడ వేసుకున్నావు, కిటికీ పక్కనా? అద్దంలోంచి కూడా అతినీలలోహిత కిరణాలు వస్తాయి. మబ్బు పట్టినా వస్తాయి.

బరంపురం మందుల షాపు

అమ్మా, నేను బరంపురంలో ఫార్మసిస్టుని. మా నాన్నగారిది ఆయుర్వేద మూలికల కొట్టు, నాది ఇంగ్లీషు మందుల షాపు, రెండూ ఒకే గోడకు అటూ ఇటూ. కాబట్టి నేను ఏ పక్షం కాదు. ముందొక ముఖ్యమైన సంగతి.

గుళుచి అంటే ఒడియాలో తిప్పతీగే.

మీరు పొద్దున పెరట్లోదీ, రాత్రి సంతలోదీ రెండుసార్లు తాగుతున్నది ఒకటే తీగ. రెండు పేర్లు, ఒకే మొక్క. సంతలోని పెద్దావిడ మోసం చేయలేదు, తన భాషలో పేరు చెప్పింది. మీ అత్తగారు తన భాషలో వేరే మొక్క అనుకున్నారు. మా నాన్నగారి కొట్టులో ఇది నెలకోసారైనా జరుగుతుంది. భూయినింబ, నేలవేము కూడా అంతే, రెండూ ఒకటే. మన సరిహద్దులో ఏది కొన్నా మొక్క చూపించి కొనాలి, పేరు చెప్పి కాదు.

దీన్ని అంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2020 సెప్టెంబరు, డిసెంబరు మధ్య ముంబైలో లివరు పాడై వచ్చిన 6 గురు తిప్పతీగ వాడినవాళ్లని డాక్టర్లు 2021లో రాశారు. మరుసటి ఏడాది దేశంలోని 13 ఆసుపత్రులు కలిసి ఇలాంటివాళ్లు 43 మంది లెక్క ఇచ్చాయి. చాలామందిలో కనిపించింది ఆటోఇమ్యూన్ తరహా హెపటైటిస్, ఒంటి కాపలావాళ్లే లివరు మీద పడటం, అంటే లోపల దాగి ఉన్న ఆ స్వభావాన్ని తట్టి లేపినట్టు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, మొక్కను సరిగా గుర్తుపట్టలేదనీ, దానిలాగే ఉండే వేరే తీగ అయ్యుండొచ్చనీ అంది. ఆ వాదన ఎటు తేలినా, మీకు ఇప్పటికే ఆటోఇమ్యూన్ జబ్బు ఉంది, మూడు నెలలుగా, అందులో రెండు నెలలు రెండు పూటలా తాగుతున్నారు. రేపే ఆపి, లివర్ ఫంక్షన్ టెస్టు చేయించండి. విశాఖ దాకా వెళ్లక్కర్లేదు, పర్లాకిమిడి ల్యాబులోనే అవుతుంది. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురుగా రావడం, అన్నం సయించకపోవడం ఉంటే ఆగకండి.

బావంచాల నూనె మొహానికి అసలు వద్దు. బావంచాల్లో సోరలెన్ ఉంటుంది. చర్మం ఎండను ఎక్కువగా పట్టుకునేలా చేయడమే దాని పని, బొల్లికి వాడేది అందుకే. మీ జబ్బుకి ఎండే శత్రువు. నూనె రాసుకుని ఎండలో కూర్చోవడమంటే నిప్పు మీద నెయ్యి పోసి విసనకర్ర పట్టుకున్నట్టు. మీకు తెల్లబడింది బొల్లి కాకపోవచ్చు, మంట తగ్గిన చోట రంగు పోవడం లూపస్‌లో ఉంటుంది. డాక్టరుకి చూపించండి.

దగ్గుకి అతిమధురం నమిలే అలవాటుంటే చెప్పండి. అది బీపీ పెంచి, పొటాషియం తగ్గిస్తుంది. స్టెరాయిడ్ కూడా అదే చేస్తుంది, ఇద్దరూ కలిస్తే పని రెట్టింపు. రేపెప్పుడైనా మీకు టాక్రోలిమస్ (ఇమ్యూనిటీని అణిచే ఇంకో మందు) రాస్తే పంపర పనస తినకండి, రక్తంలో ఆ మందు మోతాదు పెరిగిపోతుంది.

పసుపు గురించి గుణుపురం అక్క సరిగా చెప్పారు. కిడ్నీ లూపస్ ఉన్న 24 మందికి ఇరాన్‌లో చేసిన చిన్న పరీక్ష ఒకటుంది, 2012లో అచ్చయింది. సగం మందికి రోజుకు మూడుసార్లు పసుపు క్యాప్సూల్, మూడు నెలలు. మూత్రంలో ప్రొటీన్ తగ్గింది. ఆశ పుట్టించే ఫలితమే, కానీ 24 మంది. దాన్ని చూపించి ఇప్పుడు మిరియాల సారం కలిపిన గాఢమైన పసుపు బిళ్లలు అమ్ముతున్నారు, వాటితో లివరు దెబ్బతిన్నవాళ్లున్నారు. నా షాపులోనూ ఉన్నాయి ఆ బిళ్లలు, అడిగితే అమ్ముతాను, లూపస్ అని చెప్తే అమ్మను.

లేబులు లేని పొడుల మాట. గుణుపురం అక్కా, మొదటి నెలలో మాయలా పనిచేసిందన్నారు చూడండి, అలాంటివి వింటే నాకు స్టెరాయిడ్ కలిపారేమోనన్న అనుమానం ముందు వస్తుంది. కొందరు కలుపుతారు. లోహాలు కాల్చి చేసే భస్మాల సంగతి వేరే: అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల షాపుల్లో కొన్న 70 ఆయుర్వేద మందులు పరీక్షించి 2004లో అచ్చేసిన లెక్కలో 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి దొరికాయి. కిడ్నీ మీద కన్నేసిన జబ్బున్నవాళ్లకు పాదరసం ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. మా నాన్నగారు కూడా లూపస్ అంటే భస్మాలు ఇవ్వరు. తైలాలు ఇస్తారు, పైపూతకి.

కొండగాలి గారూ, ఒక విన్నపం. ప్రెడ్నిసొలోన్‌ని మానెయ్యమని ఎవరికీ రాయకండి. నెలల తరబడి వాడినవాళ్లకు ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోయి ఉంటుంది. అది లేచేదాకా మెట్టు మెట్టుగా డాక్టరే దించాలి. ఒక్కసారి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

రాయగడ రైలు

మా ఆవిడకీ ఉంది. డాక్టరు అయిదు నిమిషాల గురించి ఒక చిట్కా. నోటితో చెప్పకండి. తెల్లకాగితం మీద వాడే ప్రతీదీ రాసి టేబుల్ మీద ఆయన ముందు పెట్టండి. ఎప్పటి నుంచి, ఎంత. కింద రెండే ప్రశ్నలు. చేతిలో కాగితం ఉంటే ఎంతటి డాక్టరైనా చదువుతాడు. తీగ ముక్క కవర్లో వేసుకెళ్లండి. ఇంకోటి, ఎండలోకి రాకపోతే విటమిన్ డి పడిపోతుంది, మా ఆవిడకి 9 వచ్చింది. అది కూడా టెస్టు చేయించండి.

కొండగాలి

నేను మామూలు జనం సంగతి రాశాను. ఆటోఇమ్యూన్ అంటే ఏంటో నిజంగా తెలీదు. మానెయ్యమన్న ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంట్లో తిప్పతీగ మాత్రం మానం.

గుణుపురం అక్క

మానక్కర్లేదు తమ్ముడూ. లివరు టెస్టు మాత్రం ఏడాదికోసారి చేయించుకో.

కుట్టుమిషన్, పర్లాకిమిడి

ఏడు వారాలకు మళ్లీ వచ్చాను. ఆలస్యానికి క్షమించండి, పెళ్లిళ్ల సీజను.

ఫార్మసిస్టు గారూ, మీ మాట చదివిన మర్నాడే టెస్టు చేయించాను. ఎస్‌జీపీటీ 96 వచ్చింది. లివరు దెబ్బతింటే పెరిగేదట అది, 40 లోపు ఉండాలట. కళ్లు పచ్చబడలేదు, ఆకలి మాత్రం తగ్గింది, అది జబ్బు వల్ల అనుకున్నాను. రెండు పేర్ల తీగనీ అదేరోజు ఆపాను. మా అత్తయ్యకు చెప్పడమే కష్టమైంది. పెరట్లో తీగ ముక్క, సంతలో మిగిలిన కాడ ముక్క రెండూ తెచ్చి కోసి పక్కపక్కన పెట్టాను. పొడి చేయక ముందు కాడలే ఇచ్చిందా ముసలావిడ, కొన్ని మిగిలాయి. కోసిన చోట రెండిట్లోనూ చక్రానికి ఆకులు వేసినట్టు ఒకేలాంటి గీతలు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. నాలికతో తాకి రుచి చూశారు. "ఒకటేనే" అన్నారు. తర్వాత ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. రాత్రి నా కంచంలో చేప ముక్క వేశారు.

సింకోనా బెరడు కథ ఆవిడకు బాగా పట్టింది. ఇప్పుడు రాత్రి తొమ్మిదయ్యేసరికి "బెరడు బిళ్ల వేసుకున్నావా?" అని ఆవిడే అడుగుతున్నారు.

విశాఖలో కాగితం పెట్టాను. రాయగడ అన్నయ్యా, మీరన్నట్టే డాక్టరు చదివారు, రెండోసారి కూడా చదివి కవరు విప్పి తీగను చూశారు. అయిదు నిమిషాలు పన్నెండయ్యాయి. మొన్నటి టెస్టులో ఎస్‌జీపీటీ 41. విటమిన్ డి 11, దానికి సాచెట్లు రాశారు. మొహం మీద తెలుపు బొల్లి కాదట. కంటి పరీక్షకు చీటీ ఇచ్చారు. స్టెరాయిడ్ 5 నుంచి 4 చేశారు, వచ్చే నెల మళ్లీ చూస్తామన్నారు. బావంచాల సీసా పక్కింటావిడకు తిరిగిచ్చేశాను, కొంచెం అలిగింది.

అక్కా, మిషను పడమటి కిటికీ పక్కనే ఉండేది. గోడవైపుకి జరిపి, నల్ల లైనింగు గుడ్డతో తెర కుట్టాను. పదింటి నుంచి నాలుగింటి దాకా వీధిలోకి వెళ్లడం లేదు. వెళ్లాల్సి వస్తే పొడుగు చేతుల కోటు ఒకటి కుట్టుకున్నాను, చీర మీద వేసుకునేలా. మెత్తని నూలు, నేత దగ్గరగా ఉన్నది, అరచేతి మీదికి వచ్చేలా చివర చిన్న పట్టీ పెట్టాను, బొటనవేలికి కాజా. చంకల్లో గాలాడటానికి జాలీ ముక్క. చూసినవాళ్లు ఇద్దరు అడిగారు, ఎండలో మొక్కజొన్న కంకులు అమ్మే ఆవిడ ఒకరు.

మీకు ఒకటి కుడతాను. స్కూలుకి వేసుకోవచ్చు. భుజం నుంచి మణికట్టు దాకా పొడుగు, మోచేతి పైన చుట్టుకొలత, ఛాతీ, మెడ వెనక నుంచి నడుము దాకా కొలిచి పంపండి. స్టెరాయిడ్ వాపు ఉన్న రోజు కొలవకండి, లేదా ఉన్న రోజే కొలవండి, నేను రెండు అంగుళాలు లోపల మడత వదుల్తాను. రంగు చెప్పండి. గుణుపురం రైల్లో వచ్చే మా మరిది చేత పంపిస్తాను.